తాత బిళ్ల కట్టిన సిపాయి

ఆ రోజుల్లో మా కేజీఎఫ్‌లో కాస్త చదువుకున్న పిల్లలందరం రైలు కోసమే పుట్టినట్టు ఉండేవాళ్లం. పొద్దున చీకటితో లేచి, ముఖం కడుక్కున్నామో లేదో గుర్తులేని స్థితిలో బెంగుళూరు బండెక్కడం, సాయంత్రం అదే బండిలో అదే మనుషుల భుజాల మీద కునికిపాట్లు పడుతూ తిరిగి రావడం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మొదటి ఉద్యోగం, ఇంకా పర్మినెంట్ కాలేదు. నాన్నకు హుబ్బళ్లి బదిలీ అయితే అమ్మ కూడా ఆయనతో వెళ్లింది, నేను తాతా అవ్వల దగ్గరే ఉండిపోయాను. బంగారు గనులు మూతపడ్డాక మా ఊళ్లో గొప్పదేదీ మిగల్లేదని, ఏ వింత చూడాలన్నా బండెక్కి పోవాల్సిందేనని నాకు గట్టి నమ్మకం. (ఆ వయసులో నాకు అన్నీ గట్టి నమ్మకాలే. ఇప్పుడు ఇంటికి తాళం వేశానా లేదా అన్నది కూడా రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసుకుంటాను.)

ఆ నమ్మకాన్ని ఇంకాస్త బిగించినవాడు మా ఆఫీసులో పెద్దాయన. ఆయన్ని మేం చాటుగా కర్నల్ సార్ అనేవాళ్లం. శ్రీనివాసపురం దగ్గర మామిడి తోటల వాళ్ల అబ్బాయి, జీవితంలో పిట్టల తుపాకీ కూడా పట్టుకుని ఎరగడు. కానీ అందరి బల్లల మీదా దేవుడి పటాలుంటే ఆయన బల్ల మీద అద్దాల పెట్టెలో ఆరుగురు సైనికులుండేవారు. మొదటి రోజు నేను తెలియక “బొమ్మలు బాగున్నాయి సార్” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, “బొమ్మలు అనద్దమ్మా. బొమ్మలంటే పిల్లకాయలు ఆడుకునేవి. వీళ్లు డ్యూటీలో ఉండారు” అన్నాడు. నవ్వబోయి, దగ్గరికి వంగి చూసి, నవ్వడం మరచిపోయాను.

మూరెడు కూడా లేని మనిషి. బుగ్గ మీద రెండు రోజుల గడ్డం, ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా. గోళ్ల కింద మట్టి. తొడుక్కున్న చొక్కా నిజం బట్టతో కుట్టింది, దాని గుండీలు ఆవగింజంత. వేళ్లకు కణుపుకొక కీలు. అన్నిటికంటే ఆ కళ్లు. మీరు ఎక్కడ నిలబడినా మిమ్మల్ని చూడవు, మీ వెనక ఏదో వస్తోందన్నట్టు దాన్ని చూస్తాయి. నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. అక్కడ మా అకౌంటెంట్ టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేదు.

ఆ సైనికుడికి ఒక పెద్ద పూర్వకథ, దానికో లావుపాటి పుస్తకం. ఓర్వా అనే గ్రహం మీద గాలి ఉండదు, అందుకని అక్కడి యుద్ధమంతా నేల కింద, సొరంగాల్లో జరుగుతుంది. సైనికులకు పేర్లుండవు, టోపీ మీద అంకె ఒక్కటే. మావాడి అంకె నూట పద్దెనిమిది. నలభయ్యో అంతస్తు కూలిపోయినప్పుడు, మిగతావాళ్లు పైకి వెళ్లేదాకా తలుపు పట్టుకుని తానొక్కడే కింద ఉండిపోయాడు. అతను బతికి ఉన్నాడా, పోయాడా? పుస్తకం చెప్పదు. ఆ ఒక్క ప్రశ్న మీద దేశదేశాల అభిమానులు ఏళ్ల తరబడి కంప్యూటర్లలో కొట్టుకునేవాళ్లు. నేను ఆ పుస్తకం సార్ దగ్గర అరువు తీసుకుని రైల్లో నాలుగుసార్లు చదివాను. ఓర్వాలో ఏ అంతస్తులో ఎంత వేడి ఉంటుందో, ఏ ద్వారం ఎవరు కాపలా కాస్తారో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. నలభై అంతస్తులు! మనిషన్నవాడు అంత లోతు దిగుతాడా, అది కథ కాబట్టి సరిపోయింది గానీ అనుకుని ఒళ్లు జలదరించేది.

దసరా వచ్చింది. కర్నల్ సార్ ఇంటికి వాళ్ల అక్క పిల్లలు వస్తున్నారు. కిందటేడు ఆ పిల్లలు ఒక సైనికుడికి బకెట్లో ఈత నేర్పించారట. ఆయన నన్ను పిలిచి, నూట పద్దెనిమిదిని నురగ అచ్చులో పడుకోబెట్టి, పెట్టె మూసి నా చేతుల్లో పెట్టాడు. “మిగతావాళ్లకు బీరువా ఉండాది. వీన్ని మాత్రం నిన్ను నమ్మి ఇస్తా ఉండాను. పెట్టె తెరవద్దు. తెరిస్తే గ్లౌజులేసుకో. మీ ఇంట్లో పిల్లకాయలుండారా?” అని అడిగాడు. “లేరు సార్, తాతా అవ్వా అంతే” అన్నాను. “అయితే భయం లేదు” అన్నాడు. (నా ఉద్యోగం పర్మినెంట్ చేసే కాగితం కూడా ఆయన సొరుగులోనే, సంతకం కోసం ఎదురు చూస్తోంది. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.)

బండిలో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటు ముసలమ్మ “కేకా పాపా?” అంది. “కాదమ్మా, సిపాయి” అన్నాను. ఆమె పెట్టె వంక, నా ముఖం వంక చూసి, కళ్లలో నీళ్లు పెట్టుకుని, “ఎంత చిన్న వయసో ఏమో” అని పెట్టెకు దండం పెట్టింది. బంగారుపేట దాకా ఆ పెట్టెలో ఎవరి అస్థికలూ లేవని చెప్పే ధైర్యం నాకు చాల్లేదు. పైగా నాకు కిటికీ పక్క చోటిచ్చారు.

పెట్టె తెరవకూడదన్నాడు కదా, రెండు రోజులు తెరవలేదు. ఆయుధపూజ పొద్దున మాత్రం మనసాగలేదు. గ్లౌజులేసుకుని, బయటికి తీసి, బల్ల మీద నిలబెట్టాను. కిటికీలోంచి, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద పడ్డ ఎండ తిరిగి వాడి ముఖం మీద పడుతోంది. ఓర్వాలో సూర్యోదయం ఇలాగే ఉంటుందని కాసేపు తన్మయత్వంలో ఉండిపోయాను. అంతలో అవ్వ కేకేసింది, “స్నానం చేసి రామ్మే, పూజకి పొద్దుపోతా ఉండాది” అని. అయిదే నిమిషాలు కదా అని వెళ్లాను.

తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి బల్ల ఖాళీ. హాల్లో పీట మీద, తాత పాత గని టోపీకీ, అవ్వ కుట్టుమిషను కత్తెరకీ మధ్యన నూట పద్దెనిమిది నిలబడి ఉన్నాడు. నుదుట గంధం, పసుపు, కుంకుమ. తుపాకీ గొట్టంలో చామంతి పువ్వు. పాదాల దగ్గర వాడి తలకంటే పెద్ద నిమ్మకాయ. వాడి ముందు మా అవ్వ కర్పూరం వెలిగిస్తోంది.

“అవ్వా, దాన్నెందుకు తీసినావు?” అన్నాను.

“తీస్తే ఏమి? మన గని మనిషి గదా. నెత్తిన లైటు ఉండాది, నడుముకి తాడు ఉండాది, చేతిలో డ్రిల్లు ఉండాది. ఆయుధపూజ నాడు ఈయప్పని పెట్టెలో పండబెడతారా యాడన్నా?” అంది. తరవాత నా చెవి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “తాతకని తెచ్చినావని పెట్టె చూస్తానే నాకు తెలిసిపాయ. నువ్వే చెప్తావేమోనని చూస్తి. చెప్పకపోతివి. ఇంగ నేనే చెప్పేసినా.”

తాత అప్పటికే పీట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మా తాత తక్కువ మాటల మనిషి. గనిలో చేసింది ముప్పై ఏళ్లన్న సంగతి కూడా మాకు పింఛను కాగితాల వల్ల తెలియాల్సిందే. ఆయన కళ్లజోడు పెట్టుకుని, చేతులు రెండూ వెనక కట్టుకుని (ముట్టుకుంటే తప్పేమో అన్నట్టు), సిపాయిని ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ చూస్తున్నాడు. గుడిలో కూడా ఆయన్ని అలా చూడలేదు నేను.

“చూసినావా,” అన్నాడు అవ్వతో, “చొక్కా ఈ తావులో తడిసుండాది, మెడ కింద. కేజ్‌లో కిందికి దిగినంక మొట్టమొదట తడిసేది ఈ తావే. కండ్లు చూడు. ఎప్పుడు బండ పగులుతాదో అని వింటా ఉండాడు. చూసేది కాదది, వినేది. చేసినోడు ఎవుడో గాని కిందికి దిగి వచ్చినోడు.”

నాలుగుసార్లు పుస్తకం చదివినదాన్ని, ఆ కళ్లు దేన్నో చూస్తున్నాయని అనుకున్నానే గానీ వింటున్నాయని నాకు తట్టలేదు. కానీ ఆ క్షణాన నాకు కావలసింది తత్వం కాదు, పసుపు పోగొట్టే మందు. మధ్యాహ్నం అవ్వ కునుకు తీసినప్పుడు వంటింట్లో తలుపు వేసుకుని, తడి దూదితో నుదురు తుడిచాను. పసుపు ముఖానికి వేసిన పెయింటులోకి ఇంకింది. కుంకుమ కారి కనుబొమ దాకా వచ్చింది. పది నిమిషాల్లో నూట పద్దెనిమిది పూజ చేయించుకున్నవాడిలా కాక తలకు పెద్ద దెబ్బ తగిలినవాడిలా తయారయ్యాడు. సంతకం కావలసిన కాగితం కళ్ల ముందు తిరిగింది. ఆయన ‘నిన్ను నమ్మి’ అన్న మాట అంతకంటే ఎక్కువ తిరిగింది. గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

తాత మంచినీళ్లకని వచ్చి చూశాడు. ఇక దాచలేక అంతా చెప్పేశాను. సార్ సంగతి, గ్రహం సంగతి, ఇది తాతకని తెచ్చింది కాదన్న సంగతి. ఆఖరిది చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. తాత చెంబు దించి పక్కన పెట్టాడు.

“దానికేమమ్మా. ఒకరిది ఒకరికి ఇచ్చెయ్యాల. ఈ వయసులో నాకు బొమ్మలెందుకు?” అన్నాడు. సిపాయి నడుము వంక చూసి, “అయితే ఒగ మాట. ఈయన బిళ్ల యాడ?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. “బిళ్ల లేకుండా దింపినారా మనిషిని?” అన్నాడు తాత, మొదటిసారి కొంచెం కోపంగా. అప్పుడు చెప్పాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన అంకె ఉన్న ఇత్తడి బిళ్ల మేకు నుంచి తీసుకుని దిగుతాడట, పైకి వచ్చాక తిరిగి తగిలిస్తాడట. షిఫ్టు అయ్యాక ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని. కాలు దెబ్బ తిన్నాక తాత చివరి పదేళ్లూ ఆ బిళ్లల గదిలోనే చేశాడట. “పైన ఒగ మేకు ఖాళీగా ఉండాల. లేకుంటే కింద ఉండేవోన్ని ఎతికేదెవురు?” అన్నాడు.

పాత టార్చిలైటు లోపలి ఇత్తడి రేకు కత్తిరించి, పెసరగింజంత బిళ్ల చేసి, సూదితో నూట పద్దెనిమిది అని పొడిచాడు. చేతులు వణుకుతున్నా అంకె వంకర పోలేదు. అవ్వ కుట్టుమిషను దారంతో దాన్ని సిపాయి నడుముకు కట్టాడు. తరవాత తన మంచం పైన గోడకు ఒక చిన్న మేకు కొట్టి, కింద సుద్దముక్కతో 118 అని రాశాడు. నేను వద్దనలేదు. నా ఉద్యోగం ఎలాగూ పోయింది, బిళ్ల అయినా ఉండనీ అనుకున్నాను.

సెలవులయ్యాక కర్నల్ సార్ పెట్టె తెరిచాడు. నుదురు చూశాడు. భూతద్దం తీసి నడుము చూశాడు. ఆఫీసులో ఫ్యాను చప్పుడు కూడా నన్నే తిడుతున్నట్టు వినిపించింది. చివరికి “ఇదేంది?” అన్నాడు. పూజ దగ్గర నుంచి మేకు దాకా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. సార్ భూతద్దం కింద పెట్టి, “ఆదివారం మీ తాత ఇంట్లో ఉంటారా?” అని అడిగాడు. ఫిర్యాదు చేయడానికి ఇంటికే వస్తున్నాడనుకున్నాను.

ఆదివారం ఆయన మామిడికాయ ఊరగాయ సీసాతో, నూట పద్దెనిమిదితో మా ఇంటికి వచ్చాడు. నుదుటి మీద పసుపు అలాగే ఉంది, ఎవర్నీ తుడవనివ్వలేదట. మంచం పైన మేకును చూసి, దాని కింద అంకె చదివి, తాతకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. దేశదేశాల వాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న ప్రశ్న మా తాతను అడిగాడు. “అయితే పెద్దాయనా, ఇతను బతికుండాడంటారా?”

“బిళ్ల వచ్చిందా?” అన్నాడు తాత.

“రాలేదు.”

“రానంత వరకు కింద ఉండాడనే. పోయినాడని రాసేదానికి మనమెవురు? ఒగసారి ఏర్ బ్లాస్ట్ అయి, బండ పగిలి దోవ మూసుకపోతే, ఒగ బిళ్ల రెండు రోజులు రాల్యా. ఆ నంబరు ఇంగొకనికి ఇచ్చెయ్ అన్నారు ఆఫీసులో. నేనియ్యలేదు, ఆ గది దిగి ఇంటికీ పోలేదు. మూడో నాడు పొద్దన వాడే నడిచి వచ్చినాడు. బిళ్ల వాని చేత్తో వాడే తగిలించి, బీడీ ఉండాదా అన్నాడు.”

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అవ్వ కాఫీ లోటాలు పెట్టి, ఆ మాట తనకూ కొత్తే అన్నట్టు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తరవాత సార్ పుస్తకం తీసి, నూట పద్దెనిమిది నలభయ్యో అంతస్తులో ఉండిపోయాడని, అది మనిషి ఊహకందని లోతని చెప్పాడు. తాత మర్యాదగా విన్నాడు.

“నలబైయేనా?” అన్నాడు. “ఆ తావులో మేం ఎప్పుడూ ఆగింది లేదు సార్. కేజ్ దాటుకుని పోతా ఉంటాది.”

“మరి తమరు ఎంత లోతు దిగినారు?” అని అడిగాడు సార్.

తాత చెప్పాడు. నూరు దాటిన లెవెలు, అంటే నూరో అంతస్తుకూ కింద, ఇంచుమించు రెండు మైళ్లు, చెయ్యి ఆనిస్తే బండ కాలుతుంది. రోజూ దిగి రోజూ వచ్చేవాడు, సాయంత్రం రాబర్ట్‌సన్‌పేట బజారులో నాన్నకు మిఠాయి కొనుక్కుని ఇంటికి నడిచేవాడు. సార్ నోరు తెరుచుకుని వింటున్నాడు. నేనూ అలాగే వింటున్నాను, సార్‌తో పాటు, సార్ లాగే మొదటిసారి. (ఆ మర్నాడు కాగితం మీద సంతకం అయింది. దాని గురించి నేను సంతోషపడినట్టు గుర్తు లేదు.) ఓర్వా గ్రహంలో ఏ అంతస్తు ఎంత లోతో ఇప్పుడు అడిగినా నిద్రలో చెప్తాను. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో తిని పడుకుని, మా తాత ఎంత లోతు దిగాడో మాత్రం పరాయి మనిషి వచ్చి అడిగితే తెలుసుకున్నాను.