ఒడి తడిమిన చేయి

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో మాకు నాలుగెకరాల మెట్ట చేను ఉంది. పత్తి ఏరే రోజుల్లో కూలికి వచ్చిన ఆడవాళ్ళ మీద పొద్దున్నుంచి అరుస్తూనే ఉంటాను. వాళ్ళు నవ్వుకుంటూ పని చేసుకుంటారు. ఆ అరుపులకు నేనెప్పుడూ బాధపడలేదు. బాధంతా నా చేయి చేసిన పనికే.

పత్తి ఏరేవాళ్ళు నడుముకు గుడ్డ కట్టి ఒడి చేసుకుంటారు. సాయంత్రం దాన్ని కుప్పలో దులిపి ఇంటికి పోతారు. మా ఊరికి బొరుగులు, అంటే మరమరాలు అమ్మే బండివాడు వస్తాడు. పిడికెడు పత్తి ఇస్తే దోసెడు బొరుగులు పోస్తాడు. పిల్లల కోసం ఒకరిద్దరు చీర మడతల్లో కాస్త పత్తి దాచుకుపోవడం ఉన్నదే. అందుకని పోయేముందు అందరినీ వరుసగా నిలబెట్టి తడిమి పంపేదాన్ని. మా అత్త అలాగే చేసేది, నేనూ చేశాను. తప్పని ఏనాడూ తోచలేదు.

ఒక ఏడు ఒకామె మీద నాకు అనుమానం పుట్టింది. చర్చి వీధి మనిషి, నాకంటే పదేళ్ళు చిన్నది, ఇద్దరు పిల్లల తల్లి. మాట తక్కువ. మధ్యాహ్నం సద్ది విప్పి రెండు ముద్దలు తిని మూత పెట్టేసేది. “ఇంటికాడ ఏం మెక్కి వస్తాండావే?” అని ఎగతాళి చేసేదాన్ని. వంగినప్పుడల్లా కుడి డొక్క పట్టుకునేది. ఒడి దులిపాక కూడా పొట్ట ఎత్తుగానే ఉండేది. నా కళ్ళు ఇవన్నీ చూశాయి, పత్తి దొంగ అని మాత్రమే తేల్చాయి.

ఒక సాయంత్రం అందరిముందూ ఆమెను ఆపాను. “యాడ దాసినావే?” అన్నాను.

“ఏం లేదక్కా,” అంది.

చీర కుచ్చిళ్ళ పైన చేయి వేసి గట్టిగా నొక్కాను. పత్తి మెత్తగా తగలాలి కదా. గట్టిగా తగిలింది. ఇంకా లోపల దాచిందనుకుని రెండోసారి నొక్కాను. ఆమె పెదవి కొరుక్కుని కింద కూర్చుండిపోయింది. అప్పటిదాకా నవ్విన ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు.

“ఏమే ఇది?”

“తెలీదక్కా. రెండేండ్లాయ. కడుపులో బల్ల పెరిగిందంటారు. పసరు తాగినా పోలేదు.”

మర్నాడు నేనే ఆమెను ఆదోనికి తీసుకుపోయాను. స్కానింగ్ చేసిన డాక్టరు, కాలేయం మీద రక్తనాళాలు ముడిపడి పెరిగిన గడ్డ అని చెప్పాడు. క్యాన్సర్ కాదట. ఇలాంటివి చిన్నగా ఉంటే ఏమీ చేయనక్కర్లేదట. ఈమెది మాత్రం జీర్ణకోశాన్ని నొక్కేంత పెద్దదయింది, అందుకే అన్నం పట్టడం లేదు, తీసేయాలి అన్నాడు. ఆమెకు కాలేయమంటే అర్థం కాలేదు. “కార్జం” అని నేను చెప్పాను.

“పొట్ట మీద ఎవరైనా కొట్టారా, గట్టిగా నొక్కారా? దెబ్బ తగిలితే లోపల రక్తం కారొచ్చు,” అని డాక్టరు అడిగాడు.

ఆమె నా వైపు చూడలేదు. “లేదు సార్, ఎవురూ ముట్టలేదు,” అంది. నేనే నొక్కాను సార్ అని నేను చెప్పాల్సింది. చెప్పలేదు.

కర్నూలులో ఆపరేషన్ జరిగింది. ఆమె మొగుడితో పాటు నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున లోపలికి తీసుకుపోతే మధ్యాహ్నం దాటాక ఒక స్టీలు బేసిన్ తెచ్చి చూపించారు. ముదురెరుపుగా, టెంకాయకంటే పెద్దగా ఉంది గడ్డ. దాంతో పాటు కాలేయంలో కొంత కోసేశామని, కోసిన కాలేయం మళ్ళీ పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఆ బరువు మోసుకుంటూ ఆమె రెండేళ్ళు నా చేలో వంగి పత్తి ఏరింది. ఆమె బతికినందుకు ఏడ్చాను. ఆమె మొగుడు పక్కనే ఉన్నాడు కాబట్టి కొంగుతో ముఖం తుడుచుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత నేనెవరినీ తడమలేదు. వరుస కట్టే అలవాటే మాన్పించాను. ఆమె దగ్గర తప్పు ఒప్పుకోవాలని ఎన్నిసార్లో చర్చి వీధి దాకా పోయాను. పాలు, రాగిపిండి ఇచ్చి వచ్చాను. అసలు మాట మాత్రం గొంతు దాటలేదు.

నిరుడు ఆమె మళ్ళీ పత్తికి వచ్చింది. మధ్యాహ్నం సద్ది మొత్తం తిన్నది. సాయంత్రం ఒడి దులిపి, అందరిలా ఇంటి దారి పట్టకుండా నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది. తడమడం మానేశానని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. రెండు చేతులూ పైకెత్తింది. ముఖంలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు.

“సూడక్కా. ఇప్పుడేం లేదు,” అంది.

ఒప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకదు. నోరు తెరిచాను.

“సేతులు దించవే!” అని కసిరాను.