మంగళవారం అనుపు

గజపతినగరం నుంచి ఆటోలో అరగంట వెళితే వచ్చే ఆ ఊళ్లో, అమ్మవారికి పుట్టిల్లు గున్నమ్మ ఇల్లే. మామగారి తాతల నాటి నుంచీ అంతే. పండగకి ఆదివారం నాడు గుడిలోంచి ఘటం వాళ్లింటికి వస్తుంది. పసుపు రాసి, వేపరెమ్మలు కట్టి, పైన దీపం పెట్టిన ఆ మట్టికుండే ఇంటి ఆడపిల్ల. సోమవారం గుట్టమీది ఈశ్వరుడితో పెళ్లి, కుండ మెడకి పసుపుతాడు కడతారు. మంగళవారం అనుపు, అంటే అత్తారింటికి సాగనంపడం. తల్లి స్థానంలో ఉన్న గున్నమ్మ సారె పెట్టి, గుమ్మంలో నిలబడి, వెళ్లి రా తల్లీ అనాలి. ఆ మాట పడ్డాకే డప్పు మోగుతుంది, ఘటం లేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ మాట ఆమే అంటోంది.

ఈ ఏడు నోరు పెగల్లేదు.

ఒక్కగానొక్క కూతురు శైలజని గరివిడిలో ఇచ్చారు. అల్లుడికి ఫ్యాక్టరీలో పని, మంచివాడే. కిందటి కార్తీకంలో శైలజ పుట్టింటికొచ్చి మూడు రోజులుంది. సోమవారం మధ్యాహ్నం ఒంట్లో నలతగా ఉందని, ఇంకొక్క రోజు ఉంటానని అంది. ఆడపిల్లని మంగళవారం పంపరు. ఇవాళ ఆగిందంటే బుధవారం దాకా ఆగాల్సిందే. అల్లుడి డ్యూటీ, పిల్ల అత్తగారి మోకాళ్ల నొప్పులు, వాళ్లేమనుకుంటారో అన్న బెంగ, అన్నీ కలిపి గున్నమ్మే తొందరపెట్టింది. బట్టలు తనే సర్ది, సాయంత్రం బస్సు ఎక్కించింది. శైలజ కిటికీ కడ్డీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. అలిగిందనుకుంది గున్నమ్మ. తొమ్మిదో రోజుకి డెంగీ అన్నారు. మర్నాడు పిల్ల లేదు.

పెళ్లయిన కూతురి మైల మూడు రోజులే గనక, వైశాఖంలో పండగ ఆ ఇంటికి తప్పలేదు. గున్నమ్మ ఇల్లు అలికింది, పెళ్లికి తలంబ్రాలు కలిపింది. మంగళవారం చీర పెట్టి, ఒడిబియ్యం పోసి, కుంకుమ దిద్ది, గుమ్మంలో నిలబడిపోయింది. వాకిట్లో ఊరు ఊరంతా ఆమె నోటికేసే చూస్తోంది. భర్త గంగులు మెల్లగా మోచేత్తో తట్టాడు.

"మన పిల్లల్ని మంగళారం పంపం గదా మావా," అంది ఊరిపెద్ద నారాయణమూర్తితో. "మరి అమ్మోరిని ఎలా పంపుతన్నాం? రేపు పంపుదాం."

ఆయన కసురుకోలేదు. పెద్దలు పెట్టిన రోజని, వీధివీధినా పసుపునీళ్ల బిందెలతో ఆడవాళ్లు ఎండలో కాసుకుని ఉన్నారని నచ్చజెప్పాడు. ఈలోగా వెనకనెవరో గున్నమ్మకి అమ్మవారు పూనిందన్నారు. ఆడవాళ్లు చేతులు జోడించారు, ఒకామె వేపరెమ్మ తెచ్చింది. ఒంటిమీదికి వచ్చిన అమ్మవారి మాటని ఆ ఊళ్లో ఎవరూ కాదనరు. అవునని తల ఊపితే చాలు, ఆ రోజు ఆమెకి దక్కేది.

ఘటం ఎత్తే దాలమ్మకి డెబ్బై దాటాయి. ఆమె దగ్గరకొచ్చి గడ్డం పట్టుకుంది.

"ఒసే గున్నమ్మా, నిజం సెప్పు. ఉంటానంటన్నాది అమ్మోరా, నువ్వా?"

"అమ్మోరు ఏటీ అనలేదత్తా. నేనే అడుగుతన్నాను. ఒక్క రోజు."

డప్పులవాళ్లు తల దించుకున్నారు. దాలమ్మ ఆమె గడ్డం వదిలి, నడుం మీద చెయ్యేసుకుని అరుగు మీద చతికిలబడింది.

"నాకు నడుం పట్టీసింది. రేపు సూద్దాం."

"పొద్దున్న గుట్టెక్కి దిగినప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందేటి?" అన్నాడు నారాయణమూర్తి.

"ఒరే నారాయనా, నువ్వెత్తుతావేటి మరి? ఎత్తు, సూస్తాను."

ఘటం మగవాళ్లు ముట్టుకోరు. నారాయణమూర్తి కండువా దులుపుకుని, రేపు పొద్దున్నే అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మంగళవారం గున్నమ్మ పూజలేవీ చెయ్యలేదు. మిరియాల చారు కాచి, అన్నం మెత్తగా కలిపి, ఘటం ముందు పెట్టింది. పక్కనే చాప వేసుకుని పడుకుంది. దీపంలో నూనె తగ్గినప్పుడల్లా లేచి పోసింది. ఆమె ఏం మాట్లాడిందో, మాట్లాడిందో లేదో కూడా, గంగులు తలుపు తీసి చూడలేదు.

బుధవారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి, వెళ్లి రా తల్లీ అంది. దాలమ్మ ఘటం ఎత్తుకుంది, నొప్పి మాటే ఎత్తలేదు. ప్రతి గుమ్మంలోనూ పసుపునీళ్లు పోశారు, హారతులిచ్చారు. కోడళ్లు ఘటం కింద నుంచి పసిపిల్లల్ని దాటించారు. నిన్న ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. గుట్టమీద పూజారి ఎప్పటిలాగే ఎదురొచ్చి అమ్మవారిని లోపలికి ఆహ్వానించాడట.

ఆ కబురు చెప్పి గంగులు, ఇప్పుడు మనసు కుదుటపడిందా అని అడిగాడు. గున్నమ్మ ఘటం లేచాక ఖాళీ అయిన పీట వేపు చూస్తోంది.

"ఎవులూ ఏటీ అనలేదు గదా," అంది. "అమ్మోరి అత్తోరు అనలేదు. ఊరు అనలేదు. ఒక్క రోజు ఉంచుకోడం ఇంత తేలికని నాకు తెలీలేదయ్యా."

గంగులు పీట మీద రాలిన బియ్యం ఏరడం మొదలుపెట్టాడు.