ముత్తాత పాత పేరు

మా పక్కింటి అమెరికన్ పెద్దావిడ వంశంలో ఆడంబరాలు వద్దనే క్వేకరు శాఖ క్రైస్తవుడొకడు ఉండేవాడట, అమెరికా బ్రిటిష్ పాలనలో ఉన్నప్పుడు పెన్సిల్వేనియాకు వలస వచ్చినవాడు. మేము అక్కడ ఉంటున్న ఎనభైల్లో ఒక శనివారం, ఆయన సమాధిని వెతకడానికి ఆవిడను కార్‌లో క్వేకర్ల ప్రార్థన మందిరానికి తీసుకెళ్లాను. మా ముత్తాత పులినెక్కి వెళ్లి బాప్తిస్మం పుచ్చుకున్నాడని దారి పొడవునా కోతలు కోశాను.

పాత రికార్డుల్లో ఆయన పేరు దొరికింది. ఆనాటి క్వేకర్లు సమాధులకు రాళ్లు పెట్టేవారు కాదు. ఆవిడ మందిరం వెనక సమాధుల తోటలో ఉత్త గడ్డి ముందు నిలబడి ఆ పేరు మెల్లగా పిలిచింది.

"మరి మీ పులి గ్రాండ్‌పా పేరేంటి, హనీ?"

బాప్తిస్మంలో పెట్టిన పేరు చెప్పాను.

"అంతకుముందు?"

అది మా తాతకు తెలుసు. ఆయన చెప్పబోయినప్పుడల్లా నేను మధ్యలో పులిని తోలుకొచ్చేవాణ్ణి. ఇప్పుడాయన లేడు. ఏదో ఒక పేరు అల్లేద్దామనుకున్నాను గానీ, ఆ గడ్డి ముందు తెలీదనే చెప్పాను.