మిల్లు గేటు దాటిన సైకిళ్లు

మొన్న విజయనగరంలో మా వీధి చివరి పెద్దరోడ్డుకి ఎడమ అంచున ఆకుపచ్చ రంగు పూసి, సైకిలు బొమ్మ వేసి, ఇది సైకిళ్లకే అని రాసి వెళ్లారు. పట్టణ రవాణా ప్రణాళికలో భాగమట. బళ్లు నిలిపే చోటు పోతుందని దుకాణాలవాళ్లు సభలో గొడవపడ్డా అధికారులు పట్టు విడవలేదట. మోకాళ్ల నొప్పులు మరిచి మేడ దిగి, వెళ్లి ఆ రంగు మీద నిలబడ్డాను. సైకిలు తొక్కేవాళ్ల ప్రాణం కోసం సర్కారు ఇంత రోడ్డు వదిలిందా అని, నవ్వకండి, ఒళ్లు పులకరించింది.

నా ఈడువాళ్లకి వేరే చెప్పాలా, మన రోజుల్లో లారీ హారన్ వినబడితే సైకిలుతో సహా మట్టిలోకి దిగిపోవడమే. మా ఊరి నుంచి పట్నానికి పొద్దున ఒకే ఒక్క బస్సు, అదీ నా పదో తరగతి పరీక్షల ముందురోజే చెడిపోయింది. పరీక్ష తప్పితే చదువు అక్కడితో సరి అని నాన్న అంతకుముందే తేల్చేశాడు. నాకు సైకిలు వచ్చు గానీ, "లారీలు తిరిగే రోడ్డది, ఆడపిల్లని ఎలగ ఒగ్గీమంతావు?" అని అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. దారిలోని జూట్ మిల్లులో పనిచేసే మా మేనమామ వచ్చి, "నానున్నాను గదప్పా" అని అక్కకి భరోసా ఇచ్చాక గానీ అమ్మ అడ్డు తొలగలేదు.

మిల్లువాళ్లకి ఒక అలవాటుండేది. పొద్దుటి షిఫ్టుకి ఎవరూ ఒంటరిగా వెళ్లరు, ఊరూరి దగ్గరా కలుస్తూ గుంపుగా వెళ్తారు, ముసలివాళ్లనీ కొత్తగా తొక్కేవాళ్లనీ ఎడమ అంచున పెట్టి గట్టివాళ్లు కుడిపక్కన, లారీల వైపు కాస్తారు. ఆవేళ అంచున నేను, నా కుడిపక్కన మావ, వెనకాల టిఫిను కారియర్లు గలగలలాడిస్తూ మిల్లు జనం. వెనకనుంచి లారీ ఎంత హారన్ కొట్టినా ఒక్క సైకిలూ పక్కకి తప్పుకోలేదు.

మిల్లు గేటు దగ్గరపడుతుండగా షిఫ్టు సైరను కూత వేసింది. ఆ కూత అయ్యేలోగా లోపలికి వెళ్లకపోతే ఆ పూట పని లేనట్టే. ఇక అందరూ గేటులోకి తిరిగిపోతారు, పట్నం దాకా మిగిలేది మావా నేనూ మాత్రమే అనుకున్నాను. కానీ మా గుంపులో ఒక్కరూ గేటు వైపు తిరగలేదు. "ఎనక్కి సూడకు, తొక్కు!" అని మావ కేకేశాడు. పరీక్ష రాసే బడి దాకా నన్ను దిగబెట్టి, ఏమీ జరగనట్టు బీడీలు వెలిగించుకుని వెళ్లిపోయారు. వాళ్లలో సగం మంది పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు. ఇన్నేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పి ఇవాళ పింఛను తింటున్నానంటే అది వాళ్ల చలవే.

తరవాత ఆ రోడ్డు వెడల్పు చేశారు, మిల్లూ మూతపడింది. ఒకరొకరుగా ఆ గుంపూ చెదిరిపోయింది. "పెద్దబళ్ల పక్కన బయమేస్తందే" అని మావ సైకిలు అమ్మేశాడు. ఆకుపచ్చ అంచు మీద నిలబడి, ఇంత మంచి పని చేసినవాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను. మావ ఉండగా ఇది పడలేదే అని ఏడుపూ వచ్చింది. నా కోసం లారీలకి అడ్డు నిలిచిన మనిషి, చివరి ఏళ్లలో తన కుడిపక్కన కాసే తోడు లేక, వాకిట్లోనే కూర్చుండిపోయాడు.