నీలం సున్నా పెట్టిన గోడ

చనిపోయిన రోజు ఉదయం మా మావయ్య చేసిన ఆఖరి పని ఒక పూలకుండీని పక్కకి జరపడం.

మోకాలి నొప్పికని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. వెయిటింగ్ హాల్లో కూర్చున్న రెండు నిమిషాలకే ఆయన నొప్పి మోకాల్లోంచి కళ్ళలోకి ఎక్కింది. కుర్చీలన్నీ ఒకే గోడకి వరసగా వేశారు. ఎదురుగా టాయిలెట్ తలుపు. రోగులంతా సినిమా హాల్లో కూర్చున్నట్టు ఆ తలుపునే చూస్తున్నారు.

"అల్లుడూ, ఈ హాలు గీసినవాడు జన్మలో ఎక్కడా తన వంతు కోసం కూర్చోలేదురా," అన్నాడు.

మెట్ల వైపు తలుపుకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ పూలకుండీ ఉంది. మావయ్య కుంటుకుంటూ వెళ్ళి, దాన్ని మూరెడు పక్కకి జరిపి, తలుపు పూర్తిగా తెరిచి, మూసి, తృప్తిగా వచ్చి కూర్చున్నాడు. నర్సు వచ్చి కుండీని మళ్ళీ మొదటి చోటే పెట్టింది. ఆయన మళ్ళీ లేచాడు. ఆమె మళ్ళీ వచ్చింది. మూడోసారికి నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది.

"పెద్దాయనా, మీకు మోకాలి నొప్పా, చేతుల దురదా?"

"రెండూనమ్మా. మోకాలికైతే మందుంది."

ఇంటికొచ్చి భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. లేవలేదు.

మావయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. పాతబడ్డ హోటళ్ళనీ, రెస్టారెంట్లనీ, బట్టల షోరూములనీ కొత్తగా మార్చడం ఆయన వృత్తి. ముప్పైయొక్క ఏళ్ళలో ఒక్క కొత్త భవనం కూడా కట్టలేదు. "కట్టడం ఎవడైనా కడతాడు. కట్టినవాణ్ణి క్షమించి, వాడు చేసింది సరిదిద్దడమే కష్టం," అనేవాడు. ఆ క్షమాగుణం ఎక్కువగా సుత్తితోనే బయటపడేది. ఏ చోటికి తీసుకెళ్ళినా ఆయన నోట మొదట వచ్చే మాట "ఈ గోడ తీసేద్దాం." అందుకే ఇంటిల్లిపాదికీ ఆయన పగలగొట్టు మావయ్య.

ఆయనకొక పద్ధతి ఉంది. గోడ దగ్గరికి వెళ్ళి, చెవి ఆనించి, వేలి మెటికలతో తడుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. బరువు మోసే గోడ ఒకలా పలుకుతుందట, ఊరికే నిలబడ్డ గోడ ఒకలా పలుకుతుందట. ఊరికే నిలబడ్డదాని మీద ఎర్ర సుద్దతో ఇంటూ గీసేవాడు, అంటే పడగొట్టమని. బరువు మోసేదాని మీద నీలం సుద్దతో సున్నా చుట్టేవాడు, అంటే ముట్టుకోవద్దని. మేస్త్రీ ఆ గుర్తుల్ని తప్ప నోటిమాటని నమ్మేవాడు కాదు. ఎర్ర సుద్దలు నెలకో డబ్బా అయిపోయేవి. నీలం సుద్ద మాత్రం ఏళ్ళ తరబడి అదే ముక్క. గోడ విషయంలో ఆయన చెవి ఒక్కసారి కూడా తప్పలేదని ఊళ్ళో పేరు. ఆయన ఆస్తంతా ఆ పేరే.

వృత్తిలో ఆయన చూడని వేషం లేదు. ఒక రెస్టారెంటు వాళ్ళు ఇటుక గోడ నాటుగా ఉందంటే నున్నగా సిమెంటు పూయించాడు. ఆరేళ్ళకి వాళ్ళే వచ్చి సిమెంటు పాతబడింది, చెక్క కావాలన్నారు. చెక్క వేయించాడు. ఇంకో ఆరేళ్ళకి వాళ్ళబ్బాయి ఎక్కడో చూసొచ్చి, గోడలు సహజంగా ఉండాలన్నాడు. మావయ్య చెక్క ఊడదీయించి, సిమెంటు గీకించి, లోపలున్న ఇటుకల్ని బయటికి తీశాడు. "నాన్నా, చూశావా, ఎంత కొత్తగా ఉందో!" అన్నాడు ఆ అబ్బాయి. తండ్రి తల ఊపాడు. మావయ్య కూడా ఊపాడు.

ఇంకొకాయనకి కుర్చీలు మరీ సుఖంగా ఉండకూడదు. తినేసి కబుర్లు చెప్పుకుంటే తర్వాతవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి? మావయ్య కూర్చునే పలకని వేలెడు ముందుకు వంచి, ముప్పై అయిదు నిమిషాల కుర్చీ తయారుచేశాడు. ముప్పై ఆరో నిమిషంలో మనిషి తనంతట తనే లేచి, బయట గాలి బాగుందనుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ కుర్చీ ఊరంతా పాకింది. ఒకసారి మా కుటుంబమంతా తెలియక అలాంటి చోటే భోజనానికి వెళ్ళాం. సగంలో అత్త లేచి నిలబడింది.

"ఇది మీరు చేసిందేనా?"

"నేను చేసిందే," అన్నాడు మావయ్య, అప్పటికే నిలబడి తింటూ.

ఇంట్లో మాత్రం ఆయన మేకు కొట్టింది లేదు. అత్త వంటింట్లో అలమర పందొమ్మిదేళ్ళుగా ఒక వైపు ఒరిగి ఉంది. డబ్బాలు జారిపోకుండా కింద పాత డిక్షనరీ పెట్టింది. "ఊళ్ళో గోడలన్నీ ఈయన మాట వింటాయి. నా అలమరకి మాత్రం చెవుడు," అనేది.

ఇందులో నా వంతు రాత. నక్షాలు మావయ్య గీస్తే, వాటితో పాటు యజమానికి ఇచ్చే నాలుగు పేజీల 'భావన' నేను రాసేవాణ్ణి. మావయ్య గీసింది మెట్లే అయినా నేను "ఆరోహణ" అని రాయాలి. లిఫ్టు పక్కన ఖాళీ ఉంటే "మౌనం" అని రాయాలి. "అల్లుడూ, గీత అర్థం కానివాడికి నీ రాత చూపిస్తాను. నీ రాత అర్థం కానివాడు సంతకం పెట్టేస్తాడు," అనేవాడు.

మూడేళ్ళ కిందట ఆయనకి వచ్చిన పెద్ద పని ఒక నాలుగంతస్తుల పాత హోటలు. దాని యజమాని అప్పుడే ఏదో విదేశీ హోటల్లో రెండు రోజులుండి వచ్చాడు. లాబీలో గాజు పలక మీంచి నీళ్ళు జారే జలపాతం కావాలన్నాడు. దానికి చోటు కావాలంటే లాబీ వెనక గోడ పోవాలి. ఆ గోడ అవతల పొడుగాటి గది ఒకటుంది, దుప్పట్లు మడతపెట్టేది.

కొలతలకి వెళ్ళిన రోజు టేపు పట్టుకుని ఆ గదిలోకి తొంగిచూశాం. గదులు ఊడ్చి పక్కలు సర్దే ఆడవాళ్ళు ఎనిమిది మంది అన్నాలు తింటున్నారు. పెద్ద కిటికీ, మంచి గాలి. ఒకామె దుప్పట్ల మూట మీదకి కాళ్ళు చాపి కళ్ళు మూసుకుని ఉంది.

"ఇంజనీరు గారూ, మా అక్క కాళ్ళు కూడా కొలుస్తారా ఏంటి? పొద్దున్నుంచి నలభై గదులు తిరిగాయి, సాగుంటాయి," అంది ఒకామె. అంతా నవ్వారు. కాళ్ళు చాపినామె కళ్ళు తెరవకుండానే, "కొలవనీవే, కొత్తవి చేయించిపెడతారేమో," అంది.

మావయ్య నన్ను యజమాని దగ్గరికి పంపించి తను అక్కడే ఉండిపోయాడు. యజమాని నాకు జలపాతం గురించి చెబుతున్నాడు.

"మరి ఈ ఆడవాళ్ళు ఎక్కడ తింటారండీ?" అని మాట వరసకి అడిగాను.

"వాళ్ళకేముందయ్యా, జనరేటరు పక్కన రేకు వేయిస్తాను. తినడానికి పది నిమిషాలేగా."

రెండు నిమిషాల కొలతకి మావయ్య ఇరవై నిమిషాలు తీసుకున్నాడు. ఇవతలికి వచ్చి, గోడకి చెవి ఆనించి, ఆ చివరి నుంచి ఈ చివరికి తట్టాడు. జేబులోంచి నీలం సుద్ద తీసి పెద్ద సున్నా చుట్టాడు.

"ఇది ముట్టుకోకూడదండీ. పైన మూడంతస్తులూ దీని మీదే ఉన్నాయి."

యజమాని మొహం జలపాతంలా జారిపోయింది. "పగలగొడితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. పై గదులు కిందికొస్తాయి. గదులు తగ్గుతాయి, లాబీ పెరుగుతుంది."

పాత నక్షా చూద్దామంటే చెదలు ఎప్పుడో చూసేశాయి. యజమాని పోటీగా ఇంకొకతన్ని పిలిపించాడు. కంప్యూటర్లో రంగురంగుల బొమ్మలు చూపించి పనులు పట్టే మనిషి. అతని బొమ్మలో గోడ లేదు. జలపాతం ఉంది, దాని పక్కన తెల్ల గౌనులో ఒక అమ్మాయి కూడా ఉంది. "ఇది ఊరికే అడ్డుగోడ సార్, ఒక్క పూటలో తీసేస్తాను," అన్నాడతను. యజమాని మావయ్యకి తేల్చి చెప్పాడు. శుక్రవారం అందరి ముందూ గోడకి కన్నం పెట్టి చూస్తారు. లోపల ఇనుము లేకపోతే పని అతనికి. "మీరు ఈ ఊళ్ళో ఇంకో గోడ తట్టే అవసరం ఉండదు," అని కూడా అన్నాడు.

ఇంట్లో అందరికీ బెంగ పట్టుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటున్నాడని అత్త అంది. వయసు మీద పడి చెవి మందగించిందని నేను అనుకున్నాను, అనేశాను కూడా.

"ఒక్క గోడేగా మావయ్యా. ముప్పై ఏళ్ళ పేరు దాని మీద పెడతావా? తీసేస్తానని చెప్పెయ్."

"నువ్వు ఉత్తరం రాయి. గోడ బరువు మోస్తోందని."

రాశాను. చదివించుకున్నాడు. "'మోస్తోంది' అని రాశావా, 'మోస్తోందని నా అభిప్రాయం' అని రాశావా?"

"మోస్తోందనే రాశాను."

"మంచిది. సందేహం రాస్తే మొలకెత్తుతుంది."

శుక్రవారం లాబీ నిండా జనం. మావయ్య మళ్ళీ గోడ పొడుగునా తట్టుకుంటూ వెళ్ళి, ఎడమ పక్కన ఒక చోట ఆగి నీలం చుక్క పెట్టాడు. "ఇక్కడ పెట్టు మేస్త్రీ." డ్రిల్లు రెండంగుళాలు దిగి కీచుమంది. ఇనుము. యజమాని చెవులు మూసుకున్నాడు.

బొమ్మలతను ఊరుకోలేదు. "ఇంకో చోట కూడా చూద్దాం సార్."

"చూడు నాయనా, తప్పేముంది? కానీ ముందు పై గదుల్లో వాళ్ళందరినీ కిందికి పిలిచి చూడు," అన్నాడు మావయ్య, నిమ్మకు నీరెత్తినట్టు.

"వద్దు వద్దు!" అన్నాడు యజమాని.

పని మావయ్యకే మిగిలింది. జలపాతం ఎదురు గోడకి వెళ్ళింది. దాన్ని తెరిచిన రోజు నుంచి లాబీలోకి వచ్చినవాళ్ళు గది అద్దె అడగడం మానేసి ముందు టాయిలెట్ ఎక్కడని అడిగేవారు. అది వేరే సంగతి. నాకు అర్థం కానిది ఇంకొకటి. తక్కువ ఎత్తు సీలింగులంటే మావయ్యకి పడదు, "నెత్తిన మూత" అని తిడతాడు. అలాంటిది పాత సీలింగు ఊడదీయించాక, ఆ నీలం సున్నా గోడ పొడుగునా కొత్తదాన్ని తనే అడుగు కిందికి దించాడు. ఎందుకని అడిగితే, "నువ్వున్నావుగా, ఏదో ఒకటి రాయి," అన్నాడు. నేను "అతిథిని పలకరించడానికి ఇక్కడ ఆకాశమే కాస్త వంగుతుంది" అని రాశాను. యజమాని ఆ వాక్యాన్ని ఇత్తడి రేకు మీద చెక్కించి రిసెప్షన్లో పెట్టుకున్నాడు.

తర్వాత ఒక ఫిర్యాదు వచ్చింది. మధ్యాహ్నం పూట లాబీలో ఎక్కడో ఆడవాళ్ళు నవ్వుతున్నట్టు వినిపిస్తోందట. ఒక అతిథి భయపడి గది ఖాళీ చేశాడట.

"ఏసీ గొట్టాలండీ. కొత్తవి కదా, కొన్నాళ్ళు అలాగే కూస్తాయి," అన్నాడు మావయ్య.

నేను దాన్ని కూడా నమ్మాను.

ఆయన పోయిన రెండు నెలలకి మేస్త్రీ ఫోను చేశాడు. లాబీలో పెద్ద దీపం తగిలించడానికి సీలింగు విప్పానని, మళ్ళీ మూసేసే లోపల ఒకసారి వచ్చి చూడమని. వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. యజమాని లేడు. మేస్త్రీ నిచ్చెన పట్టుకుని పైకి చూపించాడు.

"తీగ ఇటు నుంచి లాగమంటారా, అటు నుంచా? అటు లాగితే ఆ సందు కనబడిపోద్ది బాబూ."

"ఏ సందు?"

మేస్త్రీ నా మొహంలోకి చూశాడు. "అదేంటి, ఉత్తరం రాసింది మీరే కదా? మీకు చెప్పలేదా అయ్యగారు?"

నిచ్చెన ఎక్కాను. ఆ గోడలో ఇనుమున్నది ఎడమ పక్కన ఒక్క స్తంభంలోనే, జానెడు వెడల్పు. మిగతాదంతా నాలుగంగుళాల ఇటుక. దాని పైవరసకీ పైన శ్లాబుకీ మధ్య గోడ పొడుగునా అరచెయ్యి దూరేంత ఖాళీ ఉంది. చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా అవతలికి వెళ్ళింది. అవతల గదిలో ఎవరో ఎవర్నో కాళ్ళు కాస్త పక్కకి తియ్యమంటున్నారు.