పీపాల వంతెన మీద నా బండి

మా పాచిపెంటలో నన్ను ఎత్తుకోని మనిషి లేడంటే నమ్మండి. మూడో ఏట పోలియో వచ్చి నా రెండు కాళ్లూ సన్నబడ్డాయి. అప్పటి నుంచి బస్సెక్కించాలన్నా, అరుగు దించాలన్నా ఎవరో ఒకరు వచ్చి చంకల్లో చేతులేసి లేపేసేవారు. అందరూ మంచివాళ్లే. నా బాధంతా అదే. మంచివాళ్ల మీద విసుక్కుంటే పొగరంటారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎస్టీడీ బూత్ నడిపి కూడబెట్టుకున్న డబ్బుతో పాత స్కూటర్ ఒకటి కొన్నాను. సాలూరు మెకానిక్ దాని వెనక చక్రానికి అటూ ఇటూ రెండు చిన్న చక్రాలు బిగించి, కాలి బ్రేకుని చేతికి అందేలా మార్చాడు. వంకాయ రంగు బండి. దాని మీద కూర్చుంటే నాకు ఊరంతా కొంచెం పొట్టిగా కనిపించేది.

మా నాన్న కొండ సంతల్లో ఉప్పూ ఎండుచేపలూ అమ్మిన మనిషి. ఆయన కబుర్లలో ఒక తేలే వంతెన ఉండేది. అరకు వైపు కొండల్లో ఒక ఆనకట్ట కట్టే రోజుల్లో, కూలీలు నీళ్లు దాటడానికి ఖాళీ ఇనప పీపాలు వరసగా కట్టి, పైన ఎద్దు పట్టేంత వెడల్పున పలకలు పరిచారట. పని ముగిసి కూలీలు పోయినా వంతెన ఉండిపోయింది. అవతలి ఒడ్డున జరిగే సంతకి జనం దాని మీదే వెళ్లేవారు. నిన్ను భుజానేసుకుని దాటిస్తానని నాన్న ఎప్పుడూ అనేవాడు. బండి వచ్చాక, నేనే దాటుతానన్నాను. పక్కనే కాంక్రీటు వంతెనకి స్తంభాలు లేస్తున్నాయనీ, వేసవి దాటితే పీపాలు విప్పేస్తారనీ తెలిశాక ఇక ఊరుకోలేదు. సంతకి పోయే వ్యానులో నాన్నా, డ్రైవరూ కలిసి బండిని ఎక్కించి, నన్నూ ఎక్కించి, అదీ ఎత్తుకునేలెండి, బయల్దేరదీశారు.

వంతెన మొదట్లో ఒక ముసలామె కూర్చునుంది. ఆనకట్ట పనిలో తట్టలు మోసి, ఆ పీపాల తాళ్లు ఇప్పటికీ చూసుకుంటున్న మనిషి. ఎవరి బరువెంతో కంటితోనే తూచి చెయ్యి ఊపుతోంది. ఖాళీ చేతులవాళ్లయితే ముగ్గురేసి. కావిడివాళ్లయితే ఒక్కొక్కరే, వెనక ఇంకెవరూ కాలు పెట్టకూడదు. నా బండినీ నన్నూ ఎగాదిగా చూసి ఒక్క వేలు చూపించింది.

నాన్న అది చూడలేదో, చూసీ ఒప్పుకోలేదో. సీటు వెనక పట్టుకుని నెట్టడం మొదలుపెట్టాడు. వ్యాను డ్రైవరు హ్యాండిలు పట్టుకున్నాడు. పిలవని పేరంటాళ్లలా సంత జనంలోంచి ఇంకో ఇద్దరొచ్చి చెరో పక్కా పట్టారు. నాలుగడుగులు వేశామో లేదో, పీపాలు మునిగి పలకల మీదికి నీళ్లొచ్చేశాయి. నాన్న పంచె తడిసింది. ఆయన చెప్పు ఒకటి ఊడి, తేలుకుంటూ మాకంటే ముందే సంతకి బయల్దేరింది.

ముసలామె కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"ఏటి సేత్తన్నారు సావుకారీ? బరువు గుంటది కాదు, మీది. ఒగ్గీండి, అదే ఎలిపోద్ది."

గుంటంటే మా వైపు ఆడపిల్ల, అంటే నేను. ముందు ఆ ఇద్దరూ వెనక్కి తగ్గారు. తరవాత డ్రైవరు. ఒక్కొక్కరు దిగేకొద్దీ పలకలు నీళ్లలోంచి పైకి లేచాయి. నాన్న మాత్రం సీటు వదల్లేదు.

"నాన్నా, వదులు," అన్నాను.

వదిలాడు. ఫస్టు గేరులో కదిలాను. నాకు ఈత రాదు, చాలా భయమేసింది. చక్రం వెళ్లిన చోటల్లా వంతెన కాస్త కుంగి, నేను దాటగానే లేచేది. కింద నీళ్లు పచ్చగా, అడుగు కనపడకుండా ఉన్నాయి. సగం దూరం వెళ్లాక నవ్వొచ్చింది. ఎందుకో తెలీదు, గట్టిగానే నవ్వాను. అవతలి ఒడ్డున తమ వంతు కోసం నిలబడ్డ ఆడవాళ్లు కూడా నవ్వి, దారిచ్చారు. నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

కాసేపటికి నాన్న ఒంటి చెప్పుతో, పక్క తాడు పట్టుకుని, బితుకుబితుకుమంటూ దాటొచ్చాడు. వస్తూనే అలవాటు కొద్దీ వంగి నా చంకల కిందికి చేతులు చాచాడు. అలాగే ఆగిపోయాడు. చేతులు వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు.

"దిగుతావేటమ్మా?" అన్నాడు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఆ మాట నన్ను అడిగినవాళ్లు అంతవరకూ లేరు. దిగనన్నాను.