నిలబడ్డ రోకలి

మడికొండలో మా డాబా మీద హ్యామ్ రేడియో యాంటెన్నా ఉంది. ఒక మిట్టమధ్యాహ్నం ఎక్కడెక్కడివాళ్లతోనో మాట్లాడుతుండగా గొంతులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. సెట్టు బాగానే ఉంది. బయట ఎండ ఎప్పటిలాగే కాస్తోంది. కాసేపటికి ఫోన్‌లో మా రేడియో గ్రూపు మెసేజ్ వచ్చింది, సౌరజ్వాల అని.

"సూర్యుని మీద పేలుడైందమ్మా. దాని దెబ్బకు పైన గాలి మారింది. జరసేపు రేడియో వినపడదు," అన్నాను.

అమ్మ దాన్ని గ్రహణమే అనుకుని వాకిట్లో పళ్లెం పెట్టి, నీళ్లు పోసి, అందులో రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినంతసేపూ రోకలి నిలుస్తుందని, విడవగానే పడిపోతుందని మావాళ్ల నమ్మకం.

రోకలి నిలబడింది.

"అడుగు సాపుగుంటే ఏ దినమైనా నిలవడ్తది!" అని కసిరాను.

గంట తిరక్కుండానే గొంతులు తిరిగొచ్చాయి.

"అయిపోయిందమ్మా, తియ్యి."

"ఇడిస్తె అదే పడ్తది బిడ్డా. ఇంకా పడలే."

పీకేద్దామని విసురుగా వెళ్లాను. పళ్లెంలో నీళ్లు గాలికి వణుకుతున్నాయి, రోకలి మాత్రం కదలడం లేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పొద్దు గూకాక రేడియో బంద్ చేసి కూర్చున్నాను, రోకలి పడే చప్పుడు కోసం.